ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టీరింగ్: చక్రం చెప్పే కబురు, దారిలో వచ్చే చిక్కులు

రేసింగ్ గేములు ఆడటానికి బల్లకు బిగించుకునే స్టీరింగ్‌లో రెండు పనులు జరుగుతాయి. మనం తిప్పితే గేములో కారు తిరుగుతుంది. గేములో టైర్ల మీద పడిన బలాన్ని కంప్యూటరు లెక్కగట్టి వెనక్కి పంపితే, చక్రం లోపలి మోటారు మన చేతుల్ని తిప్పుతుంది. ఈ రెండో పని పేరే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్. మొదటిది చెడితే వెంటనే తెలిసిపోతుంది, కారు మలుపు తిరగదు. రెండోది చెడితే చాలామందికి తెలియనే తెలియదు. ‘ఈ మధ్య ఎందుకో ప్రతి మలుపులో కారు జారిపోతోంది’ అనుకుంటూ తమ చేతుల్నే తిట్టుకుంటారు. తప్పు చేతులది కాదు, వాటికి అందాల్సిన కబురు దారిలో ఎక్కడో తప్పిపోయింది.

హైదరాబాద్‌కు వాయవ్యాన నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్‌ల పక్కన ఉన్న బాచుపల్లి ఇలాంటి చక్రాలు కనబడే చోటే. మందుల ఫ్యాక్టరీలతో పేరుపడ్డ ఈ ఊరికి 1995లో వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి, 1997లో గోకరాజు రంగరాజు ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. 2016లో మండల కేంద్రమైంది. ఆ తర్వాత లేచిన అపార్టుమెంట్లలో హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసులకు వెళ్లే ఉద్యోగులు దిగారు. వాళ్ల ఇళ్లలో స్టీరింగుకు ప్రత్యేకమైన గది ఉండదు. పగలు ఆఫీసు పని చేసే బల్లే రాత్రి రేసు ట్రాకు. మీటింగులకు కూర్చునే, కాళ్లకు చక్రాలున్న ఆఫీసు కుర్చీయే డ్రైవరు సీటు. ఈ వ్యాసంలో చెప్పే చిక్కుల్లో సగం ఆ బల్ల, ఆ కుర్చీ, ఆ గోడలోని ప్లగ్గు తెచ్చిపెట్టేవే.

కుర్చీ చక్రంలో ఉన్న సూత్రం

కారు స్టీరింగు మలుపు తర్వాత దానంతటదే నిటారుకు ఎందుకు వస్తుందో తెలియాలంటే ఆ ఆఫీసు కుర్చీ చక్రాన్నే చూడండి. కుర్చీని ఎటు తోసినా చిన్న చక్రాలన్నీ గిర్రున తిరిగి వెనక్కి పడతాయి. చక్రం నేలను తాకే చోటు, అది అటూ ఇటూ మళ్లే నిలువు ఇరుసు కన్నా కాస్త వెనక ఉండటమే కారణం. కారు ముందు చక్రాలు మలుపుకు మళ్లే ఇరుసును కొద్దిగా వెనక్కి వాల్చి బిగించేదీ ఇందుకే. మెకానిక్కులు దీన్ని క్యాస్టర్ అంటారు. కుర్చీ చక్రాలకు కూడా ఇంగ్లీషులో అదే పేరు.

టైరులో ఇంకో సంగతి ఉంది. మలుపులో టైరు నేలకు అతుక్కునే మచ్చ కొద్దిగా మెలి తిరుగుతుంది. పక్కకు నెట్టే బలం ఆ మచ్చ నడిమధ్యన కాక దాని వెనక భాగంలో పడుతుంది. ఆ దూరం వల్ల చక్రాన్ని నిటారుకు లాగే బలం పుడుతుంది. మలుపు గట్టిపడేకొద్దీ ఈ లాగుడు పెరుగుతుంది గానీ, టైరు పట్టు చివరి హద్దుకు చేరకముందే తగ్గడం మొదలవుతుంది. అంటే పట్టు తప్పబోయే క్షణానికి కాస్త ముందు స్టీరింగు చేతిలో తేలికవుతుంది. అనుభవమున్న డ్రైవరు ‘ముందు చక్రాలు వదిలేస్తున్నాయి’ అనేది దీన్నే. ఆ తేలిక తెలియడానికే ఇంత సరంజామా. చక్రం ఎంత గట్టిగా లాగుతోందన్నది రెండో సంగతి, ఎప్పుడు వదులైందో తెలియడం మొదటి సంగతి. ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవడం వల్లనే ఎక్కువ ఫిర్యాదులు పుడతాయి.

హార్డ్ డ్రైవింగ్ నుంచి ఇప్పటిదాకా

1976లో సెగా కంపెనీ తెచ్చిన మోటో క్రాస్ ఆర్కేడ్ మెషీన్‌లో గుద్దుకున్నప్పుడు హ్యాండిలు గడగడలాడేది. అది కేవలం అదురు. నిజంగా చేతిని తిప్పే బలం పెట్టి పేరు తెచ్చుకున్నది 1989 నాటి అటారీ గేమ్స్ వారి హార్డ్ డ్రైవింగ్. దానికి తాళంచెవి, క్లచ్చి, గేరు రాడ్డు కూడా ఉండేవి. కారు చలనశాస్త్రంలో పేరున్న డగ్ మిలికెన్ సలహా తీసుకుని, ఆయన్ను టెస్ట్ డ్రైవరుగా పేర్కొన్నారు. 1993లో అమెరికాలో లూయిస్ రోజెన్‌బర్గ్ స్థాపించిన ఇమ్మర్షన్ కంపెనీ ఈ స్పర్శ సాంకేతికత మీద పేటెంట్లు కూడబెట్టింది. 1997 నాటి డైరెక్ట్‌ఎక్స్ 5తో విండోస్‌లోనే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌కు చోటు దొరికింది. మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ స్టీరింగు 1998లో వచ్చింది. లాజిటెక్ సంస్థ 2006లో జీ25, ఆ తర్వాత జీ27, 2015లో జీ29 తెచ్చింది. మన దగ్గర సగటు ఆటగాడి మొదటి మంచి చక్రం ఎక్కువగా జీ29 లేదా దాని ఎక్స్‌బాక్స్ తోబుట్టువు జీ920. 2021లో ఫానటెక్ సీఎస్ఎల్ డీడీతో, మోటారు ఇరుసుకే రిమ్ము బిగించే డైరెక్ట్ డ్రైవ్ పద్ధతి మధ్యతరగతి ధరల దగ్గరికి దిగివచ్చింది.

అదురుకీ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌కీ మధ్య తేడా ఇప్పటికీ బజారులో ముంచుతూనే ఉంది. లోపల రబ్బరు తాడో స్ప్రింగో పెట్టి, మొబైల్ ఫోనులాగా కంపించే చిన్న మోటారు తగిలించిన చక్రాలు తక్కువ ధరకే దొరుకుతాయి. డబ్బా మీద వైబ్రేషన్ అని ఉంటుంది. కొనేవాడు దాన్ని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అని చదువుకుంటాడు. రబ్బరు తాడు ఎప్పుడూ ఒకే తీరుగా మధ్యకు లాగుతుంది. కారు నిలబడి ఉన్నా, మంచు మీద జారుతున్నా దానికి తెలియదు. వాటిని ఎంత సర్దినా లేనిది రాదు.

లోపలి అమరిక, బలం లెక్క

అసలైన ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ చక్రాలు మూడు రకాలు. చిన్న మోటార్ల బలాన్ని పళ్ల చక్రాలతో పెంచేవి గేరు రకం, జీ29 ఈ కోవలోది. రబ్బరు బెల్టుతో పెంచేవి రెండో రకం, థ్రస్ట్‌మాస్టర్ టీ300 వంటివి. ఏ మధ్యవర్తీ లేనిది డైరెక్ట్ డ్రైవ్.

బలాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు గానీ, కిలోల్లో ఊహించుకుంటే సులువు. జీ29 ఇచ్చేది సుమారు 2 న్యూటన్ మీటర్లు. దాని రిమ్ము అంచున వేలాడదీసిన కిలోన్నర బరువు ఎంత లాగుతుందో అంత. 8 న్యూటన్ మీటర్ల డైరెక్ట్ డ్రైవ్ అంటే 30 సెంటీమీటర్ల రిమ్ము అంచున దాదాపు ఐదున్నర కిలోలు. ఫానటెక్ పోడియం డీడీ2 వంటి 25 న్యూటన్ మీటర్ల చక్రం దాదాపు 17 కిలోలు లాగుతుంది. గేములో గోడను గుద్దినప్పుడు అంత బలం ఒక్కసారిగా విడుదలైతే, రిమ్ము కమ్మీల మధ్యకు దూర్చిన బొటనవేలు మెలితిరిగి బెణుకుతుంది. పెద్ద చక్రాలకు అత్యవసర ఎర్ర బటన్ ఇచ్చేది అలంకారానికి కాదు. బొటనవేళ్లను రిమ్ము మీదే ఉంచాలి, లోపలికి చుట్టకూడదు, గుద్దబోతున్నామని తెలిస్తే చేతులు వదిలేయాలి.

క్లిప్పింగ్: అన్నిటికన్నా పెద్ద జబ్బు

వినాయక చవితి మండపంలో సౌండు బాక్సు వాల్యూమ్ చివరిదాకా తిప్పేస్తే ఏమవుతుంది? హోరు వినిపిస్తుంది గానీ పాటలో మాట వినిపించదు. గాయకుడు గొంతు పెంచినా తగ్గించినా ఒకటే గరగర. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌లో క్లిప్పింగ్ అంటే సరిగ్గా ఇదే.

గేము పంపే బలానికి 0 నుంచి 100 దాకా కొలబద్ద ఉందనుకుందాం. వేగమైన మలుపులో టైరు లాగుడు 90కి చేరింది. ఆ మలుపులోనే కారు ట్రాకు అంచున ఉన్న ఎర్ర తెల్ల గట్టు ఎక్కింది, దానికి ఇంకో 30 కలవాలి. మొత్తం 120. కానీ మోటారుకు 100 దాటి పంపడానికి చోటు లేదు, మిగతా 20 కత్తిరించేస్తారు. గట్టు అదురులో మూడింట రెండు వంతులు చేతికి రాకుండా పోయాయి. గేము పంపే బలాన్ని పెంచే తగ్గించే సర్దుబాటును గెయిన్ అంటారు. దాన్ని ఇంకా పెంచి, మలుపు బలమే 130 దగ్గర కూర్చునేలా చేస్తే పరిస్థితి మరీ ఘోరం. పట్టు తప్పుతూ లాగుడు 130 నుంచి 105కు పడిపోయినా చక్రం మాత్రం 100 దగ్గరే బిగుసుకుని ఉంటుంది. ఏ తేలిక కోసం ఇంత డబ్బు పెట్టామో ఆ తేలికే మాయం.

తక్కువ బలం గల చక్రం కొన్నవారే ఈ గోతిలో ఎక్కువగా పడతారు. ‘స్టీరింగు బరువుగా లేదు, నిజం కారులా లేదు’ అని గేములో గెయిన్ పెంచుతారు. బరువు వస్తుంది, కబురు పోతుంది. చిన్న మోటారు పెద్దగా అరవలేదు, అయినా స్పష్టంగా మాట్లాడగలదు. గెయిన్ తగ్గించి ఆడే రెండు న్యూటన్ మీటర్ల చక్రం, క్లిప్ అవుతున్న ఎనిమిది న్యూటన్ మీటర్ల చక్రం కన్నా ఎక్కువ చెబుతుంది. ఈ మాట కొత్తవాళ్లు నమ్మరు. ఒక వారం పట్టు పట్టి ఆడాక వెనక్కి వెళ్లరు.

క్లిప్పింగ్‌ను కంటితో చూసే వీలుంది. ఇటలీకి చెందిన కునోస్ సంస్థ 2014లో విడుదల చేసిన అసెట్టో కోర్సా గేములో తెర మీద పెడళ్లు చూపే చిన్న పెట్టె తెరిస్తే పక్కన బలం గీత లేస్తూ పడుతూ ఉంటుంది. హద్దు దాటితే ఎర్రబడుతుంది. ఐరేసింగ్ అనే గేములో కూడా ఇలాంటి గీతే ఉంది. ట్రాకులో అన్నిటికన్నా పొడవైన, వేగమైన మలుపులో ఆ గీత హద్దును అప్పుడప్పుడు తాకి వచ్చేలా గెయిన్ పెట్టుకోవాలి. గట్లు ఎక్కినప్పుడు క్షణకాలం ఎర్రబడితే పర్వాలేదు. మలుపంతా ఎర్రగా ఉంటే మాత్రం తగ్గించాల్సిందే. కారు మారితే ఈ లెక్కా మారుతుంది. రెక్కలున్న ఫార్ములా కారుకు సరిపోయిన గెయిన్ చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో మరీ నీరసంగా అనిపిస్తుంది.

స్టీరింగులో ‘ప్లే’

పాత జీపు నడిపినవాళ్లకు ఈ మాట తెలుసు. స్టీరింగు అటూ ఇటూ రెండు వేళ్ల మేర తిప్పినా బండి కదలకపోతే ‘ప్లే వచ్చింది’ అంటారు. గేరు రకం గేమింగ్ చక్రాలు పుట్టుకతోనే కొంత ప్లేతో వస్తాయి. పళ్ల మధ్య సందు ఉండాలి, లేకపోతే గేరు తిరగదు. దానికి తోడు మోటారు తన సొంత రాపిడిని గెలవాలి. ఈ రెండూ కలిసి, గేము పంపే బలం పది పదిహేను శాతం దాటేదాకా రిమ్ము కదలదు. నిటారు రోడ్డు మీద అన్నీ చిన్న చిన్న బలాలే కాబట్టి స్టీరింగు మధ్యలో చచ్చినట్టు ఉంటుంది. దీన్నే డెడ్ జోన్ అంటారు.

మందు మినిమమ్ ఫోర్స్ అనే సర్దుబాటు. చిన్న బలాలకు కూడా ముందే కొంత కలిపి పంపుతుంది. మోటారు ఏ అంకెకు ఎంత కదులుతోందో కొలిచే చిన్న ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. ఆ కొలతలతో పట్టిక చేసి అసెట్టో కోర్సాకు ఇస్తే మధ్యలో ప్రాణం లేచి వస్తుంది. మోతాదు మించితే వికటిస్తుంది. మినిమమ్ ఫోర్స్ ఎక్కువైన గేరు చక్రం నిటారు రోడ్డు మీద మధ్య గీతకు అటొక దెబ్బ ఇటొక దెబ్బ వేస్తూ టకటకలాడుతుంది. డైరెక్ట్ డ్రైవ్ చక్రాలకు ఈ మందు దాదాపు అక్కర్లేదు, సున్నా దగ్గర ఉంచడమే మేలు.

ప్లే క్రమంగా పెరుగుతూ వస్తే మాత్రం అది సర్దుబాటు వ్యవహారం కాదు. పళ్లు అరిగాయి, లేదా రిమ్ము వెనక స్క్రూలు వదులయ్యాయి. స్క్రూలే అయ్యే అవకాశం ఎక్కువ. అలెన్ కీతో రెండు నిమిషాల పని.

వదిలేస్తే ఊగిపోయే చక్రం

నిటారు రోడ్డు మీద చేతులు తీస్తే చక్రం ఎడమకూ కుడికీ ఊగుతూ, ఊపు పెరిగి, కారు పాములా మెలికలు తిరగడం చాలామంది చూసే ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది చక్రం చెడిందని భయపడతారు. చెడలేదు. చక్రం ఎక్కడుందో గేముకు తెలిసి, బలం లెక్కకట్టి, మోటారుకు పంపి, మోటారు కదిలేసరికి కొన్ని మిల్లీసెకన్లు గడుస్తాయి. ఆపాటికి చక్రం మధ్య గీత దాటి అవతలికి పోయి ఉంటుంది. పాత లెక్క ప్రకారం వచ్చిన తోపు దాన్ని ఇంకా ముందుకు నెడుతుంది. ఉయ్యాలను తప్పు సమయంలో తోసి ఊపు పెంచినట్టే. నిజం కారులో స్టీరింగు ర్యాకు, జాయింట్లు, అన్నిటికీ మించి మన చేతులు ఈ ఊపును మింగేస్తాయి. గేములో ఆ రాపిడి లేకపోతే దాన్ని డ్యాంపర్ అనే సర్దుబాటుతో కొద్దిగా కలపాలి. మోటారు బలం పెరిగేకొద్దీ ఈ ఊగుడు పెరుగుతుంది, అందుకే డైరెక్ట్ డ్రైవ్ కొన్నవాళ్లకు ఇది మొదటి రోజే ఎదురవుతుంది. డ్యాంపర్ ఎక్కువ పోస్తే చక్రం బురదలో తిప్పినట్టు మొద్దుబారుతుంది. అన్నంలో నెయ్యిలాగా చూసి వేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ గొడవలు

బాచుపల్లిలో వీటికి డాక్టర్ల కొరత లేదు, ప్రతి ఫ్లాటులోనూ ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉంటాడు. అయినా ఇవే ఎక్కువ రాత్రుల్ని మింగేస్తాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో సెంటరింగ్ స్ప్రింగ్ అనే ఎంపిక ఉంటుంది, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ లేని పాత గేముల కోసం పెట్టింది. అది ఆన్‌లో ఉంటే గేము చెప్పేదంతా ఆ నకిలీ స్ప్రింగు కింద కప్పబడిపోతుంది. గేముల దుకాణం సాఫ్ట్‌వేర్ ఒకటి చక్రాన్ని గేమ్‌ప్యాడ్‌గా చూపించాలని, కంపెనీ డ్రైవరు చక్రంగానే చూపించాలని పోట్లాడుకుంటే బటన్లు పనిచేసి బలం రాకపోవచ్చు. కొన్ని జతల్లో బలం దిశే తలకిందులవుతుంది. మధ్యకు లాగాల్సిన చక్రం అంచుకు ఎగదోస్తుంది. అలా జరిగితే మోటారును తిట్టకుండా గేములో ఇన్వర్ట్ గుర్తు వెతకాలి. జీ29ను ఎక్స్‌బాక్స్‌కు గుచ్చితే పనిచేయదు, జీ920 ప్లేస్టేషన్‌కు పనిచేయదు. అది లోపం కాదు, కన్సోల్ కంపెనీల గుర్తింపు తాళం.

వేగం సంగతి వేరు. ఐరేసింగ్ చాలాకాలం సెకనుకు 60 సార్లే బలం పంపేది, తర్వాత 360 సార్లు పంపే ఎంపిక తెచ్చింది. అసెట్టో కోర్సా భౌతిక లెక్కలు సెకనుకు 333 సార్లు నడుస్తాయి. కంప్యూటరు ప్రాసెసరు ఊపిరాడనంత పనిలో ఉంటే ఈ లెక్కలు ఆలస్యమై, చక్రం గరుకు నేల మీద గీసినట్టు మెట్లు మెట్లుగా తగులుతుంది. అద్దాల్లో ప్రతిబింబాలు, ట్రాకు మీద కార్ల సంఖ్య తగ్గించగానే చేతికి నునుపు తిరిగి వస్తే జబ్బు అదేనని తేలినట్టే. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు చక్రం గుచ్చి చూద్దామనుకునేవారికి ఒక మాట. డ్రైవరు వేయడానికి అడ్మిన్ అనుమతి ఉండదు, యూఎస్‌బీ తాళం వేసి ఉంటుంది, పైగా ఐటీ విభాగానికి మెయిలు పోతుంది.

కరెంటు, ఎర్తింగు, ఎండ, దుమ్ము

చక్రానికి రెండు తీగలుంటాయి. యూఎస్‌బీ తీగ కబురు మోస్తుంది, అడాప్టర్ తీగ బలం మోస్తుంది. అడాప్టర్ ఊడిపోయినా కొన్ని చక్రాల్లో బటన్లు, పెడళ్లు మామూలుగా పనిచేస్తూనే ఉంటాయి, బలం మాత్రం ఉండదు. ‘ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ హఠాత్తుగా పోయింది’ అన్నవాళ్లు ముందు బల్ల కింద వంగి చూడాలి.

కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే లోపల వచ్చే చిన్న విరామం చక్రానికి చాలు. మలుపు మధ్యలో ఒక్కసారిగా ఊడిపోయినట్టు వదులవుతుంది, తిరిగి రాగానే తన హద్దులు తాను వెతుక్కుంటూ ఎడమ చివరి నుంచి కుడి చివరిదాకా గిరగిరా తిరుగుతుంది. ఆ సమయంలో పట్టుకుంటే కొలత తప్పుతుంది, మధ్య గీత పక్కకు జరిగి కూర్చుంటుంది. చేతులు తీసేసి, అది తన పని ముగించేదాకా ఆగాలి. కంప్యూటరుకు యూపీఎస్ ఉంటే అడాప్టర్ కూడా దానికే గుచ్చడం మంచిది.

ఎర్తింగు సంగతి ఎవరూ పట్టించుకోరు. కంప్యూటరు క్యాబినెట్ ఇనుప భాగం మీద చేయి పెడితే జివ్వుమంటోందా? అయితే ప్లగ్గులోని మూడో పిన్నుకు అవతల భూమి అందడం లేదన్నమాట. బలమైన మోటారు ఒక్కసారిగా కరెంటు గుంజినప్పుడు పుట్టే విద్యుత్ రొదకు పోయే దారి లేక యూఎస్‌బీ తెగిపోతుంది. రేసు మధ్యలో చక్రం ‘టుడుం’ శబ్దంతో మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. నా దగ్గర ఒక చక్రం నెల రోజులు ఇలా ఏడిపించింది. తీగలు మార్చాను, విండోస్ మళ్లీ వేశాను. చివరికి మా అపార్టుమెంట్ ఎలక్ట్రీషియన్ వచ్చి, టెస్టర్ పెట్టి, ‘సార్, మీ రూముకు ఎర్తు తీగే లాగలేదు’ అన్నాడు. తీగ లాగించిన సాయంత్రం నుంచి చక్రం మళ్లీ తెగలేదు.

వేడి కూడా కొలవదగిన శత్రువే. రాగి తీగ నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. మోటారు చుట్ట 60 డిగ్రీలు వేడెక్కితే నిరోధం నాలుగో వంతు పెరిగినట్టు. వోల్టేజీ మారకపోతే కరెంటు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. చాలా చక్రాలు తమను తాము కాపాడుకోవడానికి ముందే బలం తగ్గించేస్తాయి. మే నెలలో పై అంతస్తు గదిలో గంట రేసు ఆడితే మొదటి ల్యాపులో ఉన్న బరువు చివరి ల్యాపులో ఉండదు. చక్రం వెనక గాలి రంధ్రాలకు కర్టెను ఆనకుండా చూసి, బలాన్ని పది ఇరవై శాతం తగ్గించుకుంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉంటుంది. ఇక దుమ్ము. చుట్టూ కొత్త టవర్లు లేచే చోట కిటికీ తెరిస్తే వచ్చే సన్నని దుమ్ము పెడళ్లలోని పాత పద్ధతి పొటెన్షియోమీటర్లలో చేరి, నొక్కకుండానే బ్రేకు పడినట్టు చూపిస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చిమ్ము సరిపోతుంది.

బల్ల, కుర్చీ, కింది ఫ్లోరు

చక్రం ఇచ్చే బలం చేతికి రావాలంటే దాని అడుగు కదలకూడదు. సన్నని పార్టికల్ బోర్డు బల్లకు బిగిస్తే, బలంలో కొంత బల్ల ఊగడానికే ఖర్చవుతుంది. ముందు పోయేవి రోడ్డు గరుకు వంటి సన్నని కబుర్లే. క్లాంపు మరలు వారానికోసారి బిగించాలి. బల్ల అంచు కింద చిన్న ప్లైవుడ్ ముక్క పెడితే బోర్డు నలగదు. ఎనిమిది న్యూటన్ మీటర్లు దాటితే బల్లను మరిచిపోయి ఇనుప స్టాండుకు మారడమే దారి. వెల్డింగ్ షాపులో చదరపు పైపుతో చేయించుకుంటే కంపెనీ స్టాండు ధరలో సగం కూడా అవదు.

ఆ కుర్చీ ఇక్కడ మళ్లీ వస్తుంది. బ్రేకు గట్టిగా తొక్కగానే కుర్చీ వెనక్కి జారుతుంది. ఆడేవాడు పడిపోకుండా స్టీరింగును పట్టుకుని వేలాడతాడు. అప్పుడు చేతికి తెలిసేది టైరు బలం కాదు, తన శరీరం బరువు. దీనికి బాగా పనిచేసే చిట్కా కొంచెం నవ్వు తెప్పిస్తుంది. కుర్చీ కాళ్ల చక్రాలను పాత బూట్లలోకి దింపాలి. ఐదు కాళ్లకు ఐదు బూట్లు, ఒక జతలో ఒకటి మిగులుతుంది.

గేరు రకం చక్రం గట్టు ఎక్కినప్పుడు చేసే గడగడ బల్ల కాళ్ల గుండా స్లాబులోకి దిగి కింది ఫ్లాటుకు వినిపిస్తుంది. రాత్రి పదకొండుకు కింది ఫ్లోరు పెద్దాయన తలుపు తట్టి ‘ఏం బాబూ, ఇంట్లో గ్రైండర్ పెట్టారా?’ అని అడిగితే తప్పుపట్టలేం. బల్ల కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాటు వేస్తే కొంత నయం. బెల్టు, డైరెక్ట్ డ్రైవ్ రకాలకు మారినవాళ్లలో కొందరిని మార్చింది టైరు కబురు కాదు, పొరుగువారి కబురు.

హైదరాబాద్‌లో ఇదే సమస్య పెద్ద రూపాల్లో

మోటారుతో చేతికి రోడ్డును చూపించే పని ఆటకే పరిమితం కాలేదు. ఇమ్మర్షన్ పుట్టిన 1993లోనే హైదరాబాద్‌లో జెన్ టెక్నాలజీస్ మొదలైంది. సైనిక శిక్షణ సిమ్యులేటర్లతో పాటు డ్రైవింగ్ నేర్పే సిమ్యులేటర్లూ తయారు చేసింది. అలాంటి సిమ్యులేటర్‌కు ఉత్సాహం అక్కర్లేదు, నిజం కావాలి. తప్పుడు బరువు నేర్పిన చేతులు రోడ్డెక్కితే ప్రమాదం.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల వీధి ట్రాకు మీద ఫార్ములా ఈ రేసు జరిగి, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఊరి నడుమ రోడ్లను నెలల తరబడి మూసి సాధన చేయలేరు కాబట్టి ఫార్ములా ఈ జట్లు సిమ్యులేటర్లలోనే ముందు కసరత్తు చేసి వస్తాయి. 

2017 నుంచి హైదరాబాద్‌లో టెక్నాలజీ సెంటర్ నడుపుతున్న జర్మనీ సంస్థ జెడ్ఎఫ్ తయారుచేసే వస్తువుల్లో స్టీర్ బై వైర్ ఒకటి. అందులో స్టీరింగుకూ చక్రాలకూ మధ్య ఇనుప రాడ్డు ఉండదు, తీగలే ఉంటాయి. అలాంటి కారులో డ్రైవరు చేతికి తెలిసేదంతా ఒక మోటారు కల్పించిందే. బాచుపల్లి బల్ల మీది చక్రంలో వేధించే ఆలస్యం, ఊగుడు, మధ్యలో చచ్చుదనం అన్నీ అక్కడి ఇంజనీర్లూ పరిష్కరించాల్సినవే. ఒక్కటే తేడా, అక్కడ రీస్టార్ట్ బటన్ లేదు.

పెద్ద సంస్థలే కాదు, ఇంట్లో సొంతంగా చక్రం కట్టేవాళ్లూ ఉంటారు. హోవర్‌బోర్డు నుంచి తీసిన మోటారు, ఓపెన్ఎఫ్ఎఫ్‌బోర్డ్ అనే ఉచిత డిజైను, మంచి 24 వోల్టుల పవర్ సప్లై ఉంటే డైరెక్ట్ డ్రైవ్ తయారవుతుంది. విడిభాగాలకు కోఠీ గుజరాతీ గల్లీ ఉంది. లోహపు పనికి, ప్రోటోటైపుకు 2023 మార్చిలో రాయదుర్గంలో తెరిచిన టీ వర్క్స్ ఉంది. తక్కువ ఖర్చని దిగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. తిరుగుతున్న మోటారుకు బ్రేకు పడినప్పుడు అదే జనరేటరై కరెంటును వెనక్కి తోస్తుంది. దాన్ని మింగే రెసిస్టర్ లేకపోతే పవర్ సప్లై కాలిపోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొనేవారికి

కొత్త చక్రానికి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటరు దుకాణాలు, ఆన్‌లైన్ ఉన్నాయి. వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోండి. విదేశం నుంచి తెప్పించిన చక్రానికి ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. అయితే బాచుపల్లి, నిజాంపేట చుట్టుపక్కల ఎక్కువగా చేతులు మారేవి పాత చక్రాలే. కొన్న ఆరునెలలకు ఉత్సాహం తగ్గినవాళ్లో, ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లేవాళ్లో అమ్ముతుంటారు. వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్, అందులో ఒక గేము వెంట తీసుకెళ్లండి. అడాప్టర్ గుచ్చి చక్రం ఈ చివర నుంచి ఆ చివరకు తానే తిరిగి సరిగ్గా మధ్యలో ఆగుతోందో చూడండి. ఆగాక రిమ్మును రెండు వేళ్లతో అటూ ఇటూ కదిపి ప్లే ఎంతుందో పట్టండి. పది నిమిషాలు ఆడి, బలం తగ్గుతోందేమో, కాలిన వాసన వస్తోందేమో గమనించండి. మధ్య గీత ప్రతిసారీ కొద్దికొద్దిగా జరుగుతుంటే లోపల కోణం కొలిచే భాగం దెబ్బతిన్నట్టు, దాన్ని వదిలేయండి. అమ్మేవాళ్లు ‘అడాప్టర్ ఆఫీసులో మరిచిపోయాను, బటన్లన్నీ పనిచేస్తున్నాయి చూసుకోండి’ అంటే మాత్రం, అడాప్టర్ దొరికిన రోజున వస్తానని చెప్పి వచ్చేయండి.